హైదరాబాద్‌లో షాపింగ్: ఏది ఎక్కడ కొనాలి? ఎలా చూసి కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ పాత బజార్లకు ఒక లెక్క ఉంది. ఇక్కడ ఒక్కో వీధి ఒక్కో సరుకుకు కట్టుబడి ఉంటుంది: గాజులకు ఒకటి, ముత్యాలకు ఒకటి, శుభలేఖలకు ఒకటి, స్విచ్చులకూ కుళాయిలకూ మరొకటి. ఆ లెక్క తెలియక గాజుల వీధిలో చీర కొన్నవాళ్లు, చీరల వీధిలో ముత్యాలు కొన్నవాళ్లు ఎక్కువ డబ్బు పోసి వస్తుంటారు. మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలను కింద వరసగా పెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## బయల్దేరే ముందు

చేతిలో ఒక్క రోజే ఉంది. పాతబస్తీ, మాల్ రెండూ కుదురుతాయా?

కుదురుతాయి కానీ రెండూ సగం సగమే అవుతాయి. చార్మినార్ నుంచి మాదాపూర్ వైపు మాల్స్‌కు సాయంత్రం ట్రాఫిక్‌లో గంటకు పైనే పడుతుంది. గాజులు, ముత్యాలు, అత్తరు, పెళ్లి బట్టలు మీ జాబితాలో ఉంటే రోజంతా పాతబస్తీకే ఇవ్వండి. మదీనా కూడలి దగ్గర దిగితే పత్తర్‌గట్టి, చార్‌కమాన్, గుల్జార్ హౌజ్, చార్మినార్ ఒకే దారిలో వస్తాయి. చార్మినార్ దగ్గర పడమటి వైపు తిరిగితే లాడ్ బజార్. మొత్తం నడక కిలోమీటరుకు కాస్త అటూ ఇటూ. బ్రాండెడ్ బట్టలు, చెప్పులు మాత్రమే కావాలంటే పాతబస్తీకి వెళ్లే పనే లేదు.

బజార్లు ఎన్నింటికి తెరుస్తారు? సెలవు ఏ రోజు?

పాతబస్తీలో ఉదయం 11 దాటితే గాని షట్టర్లు అన్నీ లేవవు. 9 గంటలకే వెళ్తే చార్మినార్ ఫొటోలు బాగా వస్తాయి, సరుకు మాత్రం దొరకదు. రాత్రి 9, 10 దాకా బేరాలు నడుస్తాయి. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదు పరిసరాల్లో నమాజు రద్దీ ఉంటుంది, కొన్ని షాపులు ఆ పూట మూసి ఉంటాయి. బేగం బజార్ హోల్‌సేల్ షాపులు ఎక్కువగా ఆదివారం మూసేస్తారు. కోఠి, అబిడ్స్‌లో ఆదివారం షాపుల కన్నా ఫుట్‌పాత్ మీదే సందడి ఎక్కువ. మాల్స్‌కు వారంలో సెలవు ఉండదు.

రంజాన్ నెలలో వెళ్తే మంచిదేనా?

చూడటానికి అంతకన్నా మంచి కాలం లేదు, కొనడానికి మాత్రం కష్టం. ఇఫ్తార్ తర్వాత బజారు ఊపందుకుంటుంది. చివరి పది రోజుల్లో తెల్లవారుజాము దాకా తెరిచే ఉంటుంది. సరుకు రకాలు ఆ నెలలో ఎక్కువ, బేరానికి ఓపిక పట్టే దుకాణదారు తక్కువ. అడుగు తీసి అడుగు వేయలేని జనంలో నగ నాణ్యత చూసుకునే వీలుండదు. బంగారం, ముత్యాలు లాంటివి కొనాలంటే రంజాన్ మొదటి రెండు వారాల్లో మధ్యాహ్నం పూట వెళ్లండి.

చార్మినార్ దాకా కారు వెళ్తుందా? మెట్రో ఉందా?

కారు చార్మినార్ పక్కదాకా వెళ్లదు. కట్టడం చుట్టూ దారిని పాదచారులకే వదిలేశారు. మెట్రో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) వరకే. అక్కడ మియాపూర్–ఎల్బీనగర్ ఎరుపు లైను, జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి వచ్చే ఆకుపచ్చ లైను కలుస్తాయి. బయటికి వచ్చి ఆటో ఎక్కి ‘మదీనా’ అని చెప్పండి. ‘చార్మినార్’ అంటే చుట్టూ తిప్పి ఏదో ఒక గల్లీలో దించే అవకాశం ఎక్కువ. సొంత కారు తేవడం మాత్రం వద్దు. పార్కింగ్ వెతకడానికి పట్టే సమయంలో సగం షాపింగ్ అయిపోతుంది.

నగదు ఎంత పెట్టుకోవాలి?

గాజుల బండి దగ్గర కూడా యూపీఐ నడుస్తుంది. చిక్కల్లా రద్దీ సాయంత్రాల్లో సిగ్నల్ అందకపోవడమే. డబ్బు మీ ఖాతాలో కోతపడి అవతలి వాళ్లకు చేరనట్టు చూపిస్తే అక్కడే అరగంట నిలబడాలి. చిన్న కొనుగోళ్లకు సరిపడా వంద, రెండు వందల నోట్లు ఉంచుకోండి. పెద్ద నగలు కొనేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి: ఒకే లావాదేవీలో 2 లక్షల రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. 2 లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ కూడా అడుగుతారు. బిల్లును రెండు ముక్కలు చేసి ఇస్తామనే షాపును నమ్మకండి. రేపు నగ మార్చుకోవాల్సి వస్తే ఆ బిల్లులే మీకు అడ్డం తిరుగుతాయి.

## చార్మినార్, లాడ్ బజార్, పత్తర్‌గట్టి

లాడ్ బజార్‌లో అమ్మేవన్నీ లక్క గాజులేనా?

కాదు. మట్టి గాజులు, మెటల్ గాజులు, ప్లాస్టిక్ గాజులు అన్నీ పక్కపక్కనే ఉంటాయి. మెరుపు చూసి అన్నింటినీ లక్కవే అనుకుంటారు. అసలు లక్క గాజుకు లక్కను బొగ్గుల నిప్పు మీద మెత్తబరిచి, రంగు కలిపి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి అతుకుతారు. అది వేడిగా ఉండగానే రాళ్లు, అద్దాలు, పూసలు ఒక్కొక్కటే చేత్తో నాటుతారు. అందుకే రాయి లక్కలో కూరుకుని ఉంటుంది. గోటితో తడిమితే అంచు తగలాలి, జిగురు చార కనిపించకూడదు. రాళ్ల మధ్య సందుల్లో రంగు లక్క కనబడుతుంది. రెండు గాజులు పక్కన పెడితే కొంచెం తేడా ఉంటుంది, అది చేతిపనికి గుర్తు. లోపలి వైపు అచ్చు గీత కనిపిస్తే ప్లాస్టిక్. లోపల లోహపు కడియం ఉన్నంత మాత్రాన నకిలీ అనుకోవద్దు, గట్టిదనం కోసం లక్కను కడియం మీద ఎక్కించే పద్ధతీ ఉంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

గాజుల సైజు 2.4, 2.6 అంటారు. అదేం లెక్క?

అది దశాంశం కాదు. చుక్క తర్వాతి అంకె అంగుళంలో పదహారో వంతుల లెక్క. 2.4 అంటే లోపలి వ్యాసం 2 అంగుళాల మీద 4/16, అంటే రెండుంపావు అంగుళాలు, దాదాపు 57 మిల్లీమీటర్లు. 2.6 అంటే 60, 2.8 అంటే 63.5, 2.10 అంటే దాదాపు 67 మిల్లీమీటర్లు. అందుకే 2.10 అన్నది 2.2 కన్నా పెద్దది. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

ఇంట్లో వాళ్ల కోసం కొంటుంటే వాళ్లు రోజూ వేసుకునే గాజును స్కేలు మీద పెట్టి ఒక లోపలి అంచు నుంచి ఎదుటి లోపలి అంచు దాకా కొలవండి. మట్టి గాజు కొలతనే లక్క గాజుకు వాడితే ఒక్కోసారి ఎక్కదు. లక్క గాజు లావుగా, వెడల్పుగా ఉంటుంది, ఏమాత్రం సాగదు. వెడల్పు కడియం రకానికి ఒక సైజు పెద్దది తీసుకోవడమే క్షేమం. సగం తెరుచుకునే, స్క్రూ ఉన్న గాజులైతే ఈ గొడవ ఉండదు.

బేరం ఎంత దాకా ఆడొచ్చు? చెప్పిన ధరలో సగం అడగమంటారు, నిజమేనా?

‘సగం అడుగు’ అన్న సూత్రం షాపువాళ్లకూ తెలుసు, దాన్ని కలుపుకునే మొదటి ధర చెబుతారు. అంతకన్నా మంచి పద్ధతి: ముందు మూడు షాపుల్లో ఒకే రకం గాజుల సెట్టు ధర అడిగి ఏమీ కొనకుండా బయటికి రండి. అసలు రేటు దాదాపు ఎక్కడుందో తెలిసిపోతుంది. ధరను జతకు అడుగుతున్నారా, డజనుకా, పెట్టెకా అన్నది ముందే తేల్చుకోండి, తగువులన్నీ దాని మీదే వస్తాయి. ఉదయం మొదటి బేరమైతే బోణీ కోసం కాస్త తగ్గిస్తారు. ఒకే షాపులో నాలుగైదు సెట్లు తీసుకుంటే తగ్గే మొత్తం, ఒక్క సెట్టు మీద గీచి గీచి బేరమాడితే తగ్గదు. ధర ఒప్పుకున్నాక కొనకుండా వెళ్లిపోవడం మాత్రం ఇక్కడ మర్యాద కాదు.

ముత్యాలు అసలివో కావో షాపులోనే ఎలా తెలుసుకోవాలి?

రెండు ముత్యాలను ఒకదానితో ఒకటి మెల్లగా రాయండి. అసలువైతే సన్నని ఇసుక మీద రుద్దినట్టు గరుకు తగులుతుంది, గాజువీ ప్లాస్టిక్‌వీ నున్నగా జారిపోతాయి. చేతిలో పెట్టుకున్న మొదటి క్షణం చల్లగా ఉండాలి. తర్వాత రంధ్రం దగ్గర భూతద్దంతో చూడండి. అసలు ముత్యానికి రంధ్రం అంచు శుభ్రంగా ఉంటుంది. నకిలీకి అక్కడే పూత పెచ్చులు లేస్తుంది. దండలో ముత్యాలన్నీ ఒకే అచ్చు గుద్దినట్టు, ఒకే గుండ్రన, ఒకే మెరుపుతో ఉండి ధర తక్కువగా ఉంటే అనుమానించాల్సిందే.

నిప్పు మీద పెట్టి చూపిస్తాం, బ్లేడుతో గీకి చూపిస్తాం అంటే ఆ తమాషాకు పడిపోవద్దు. దానివల్ల మంచి ముత్యమూ పాడవుతుంది, మంచి నకిలీ పరీక్ష నెగ్గుతుంది కూడా.

‘అసలు బస్రా ముత్యాలు’ అని చెబుతున్నారు. కొనొచ్చా?

మామూలు షాపులో, మామూలు ధరకు బస్రా ముత్యం దొరకదు. బస్రా అన్న పేరు ఒకప్పుడు గల్ఫ్ సముద్రంలో దొరికిన సహజ ముత్యాలది. నిజాం కాలంలో హైదరాబాద్‌కు ముత్యాల పేరు తెచ్చినవి అవే. ఇప్పుడు పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్ షాపుల్లో కనిపించేవి చాలామట్టుకు చైనా నుంచి వచ్చే మంచినీటి పెంపకపు ముత్యాలు. హైదరాబాద్ పని వాటిని జల్లెడపట్టి వేరు చేయడం, రంధ్రాలు వేయడం, గుచ్చడం, నగలుగా మలచడం. పెంపకపు ముత్యం నకిలీ కాదు, అదీ ఆల్చిప్పలో పుట్టినదే. సహజ ముత్యమా, పెంపకపుదా అన్నది కంటితో తేలదు, ల్యాబ్‌లో ఎక్స్‌రే తీయాలి. బస్రా ధర అడిగితే ల్యాబ్ సర్టిఫికెట్ అడగండి. లేదంటే మంచినీటి ముత్యం ధరే ఇవ్వండి.

ఒకేలా కనిపించే రెండు దండల ధరలో అంత తేడా ఎందుకు?

ఆకారం, మెరుపు, పరిమాణం, జత కుదరడం. ధరను తేల్చేవి ఈ నాలుగే. బియ్యపు గింజ ఆకారం చవక, ఒకవైపు చదునుగా ఉండే బొత్తాం ఆకారం మధ్యస్థం, నిండు గుండ్రనిది ఖరీదు. మెరుపు చూడాలంటే తెల్ల లైటు కింద కాకుండా గుమ్మం దగ్గర పగటి వెలుతురులో, తెల్ల గుడ్డ మీద కాకుండా ముదురు రంగు గుడ్డ మీద పెట్టి చూడండి. ముత్యం ఉపరితలంలో కిటికీ నీడ ఎంత స్పష్టంగా కనిపిస్తే అంత మంచిది. సుద్దలా తెల్లగా, మసకగా ఉన్నదాన్ని వదిలేయండి.

ఎలా గుచ్చారో కూడా చూడాలి. ప్రతి ముత్యానికీ మధ్య ముడి వేయించుకోండి. దారం తెగితే ఒక్క ముత్యమే రాలుతుంది, పక్కపక్కవి రాసుకుని అరగవు. ముడికి అదనంగా అడిగినా ఇవ్వాల్సిందే. కొక్కెం వెండిదో బంగారందో అంటే దాని మీద ముద్ర చూడండి. హాల్‌మార్క్ లోహానికే వర్తిస్తుంది, ముత్యానికి అలాంటి ముద్ర ఏదీ లేదు.

అత్తరు కొనేటప్పుడు ఏం చూడాలి?

మూడు రకాలకు మించి ఒకేసారి వాసన చూడొద్దు, ముక్కు అలసిపోతుంది. పుల్ల మీద కాకుండా మణికట్టు మీద ఒక చుక్క రాయించుకుని బజారంతా తిరిగి రండి. అరగంట తర్వాత మిగిలినదే అసలు వాసన. మొదట ఘాటుగా కొట్టి తర్వాత మాయమైతే అందులో పలచబరిచిన నూనె ఎక్కువ. సంప్రదాయ అత్తరుకు ఆధారం గంధపు నూనె. అది ఖరీదైంది కాబట్టి చవక సీసాల్లో వేరే ద్రావకాలు వాడతారు. అది మోసం కాదు గాని ధర ఆ మేరకే ఉండాలి. సీసాలు 3, 6, 12 మిల్లీలీటర్లలో వస్తాయి. తులం అంటే దాదాపు 12 మిల్లీలీటర్లది. మొదటిసారి కొనేవాళ్లకు 3 చాలు. గులాబ్, మొగలి, తొలకరి వాసన వచ్చే మిట్టీ రకాలు తేలిక. ఊద్, శమామా బరువు వాసనలు, చలికాలానికి బాగుంటాయి. పట్టు చీర మీద నేరుగా రాయొద్దు, నూనె మరక పోదు.

పెళ్లి బట్టలు, ఖడా దుపట్టా ఎంత ముందు ఆర్డర్ ఇవ్వాలి?

ఖడా దుపట్టా అంటే హైదరాబాదీ ముస్లిం పెళ్లికూతురి దుస్తులు. చేతి జర్దోజీ (జరీ తీగతో చేసే ఎంబ్రాయిడరీ) ఉన్నదానికి కనీసం నెల, రంజాన్ ముందూ పెళ్లిళ్ల సీజన్‌లోనూ రెండు నెలలు పెట్టుకోండి. మిషన్ ఎంబ్రాయిడరీ తయారుగా దొరుకుతుంది. తేడా తెలియాలంటే బట్టను తిరగేయండి. చేతిపనికి వెనక దారాలు కాస్త అడ్డదిడ్డంగా, ముడులతో ఉంటాయి, మిషన్ పనికి ఒకే తీరులో సన్నని తెల్ల దారం కనిపిస్తుంది. అడ్వాన్సు ఇచ్చేముందు రసీదు మీద బట్ట రంగు, పని ఎక్కడెక్కడ, ఇచ్చే తేదీ రాయించుకుని, డిజైన్ ఫొటో తీసి పెట్టుకోండి. పెళ్లికి పది రోజుల ముందు తేదీని చెప్పండి, కుట్టు సరిచేసుకునే వ్యవధి కావాలి.

శుభలేఖలు ఎక్కడ అచ్చు వేయిస్తారు?

పాతబస్తీలో ఛత్తా బజార్. ఉర్దూ చేతిరాత కార్డులకు అది పెట్టింది పేరు, తెలుగు, ఇంగ్లిష్ కార్డులు కూడా వేస్తారు. ప్రూఫును కాగితం మీద తీయించుకుని ఇంట్లో ఇద్దరి చేత చదివించండి. వత్తులు, దీర్ఘాలు తెలుగు ఫాంటు మారినప్పుడే ఎగిరిపోతాయి.

## బేగం బజార్, కోఠి, అబిడ్స్

బేగం బజార్ హోల్‌సేల్ కదా, ఇంటికి కొద్దిగా కొంటే ఇస్తారా?

చాలాచోట్ల ఇస్తారు, ధరే మారుతుంది. డ్రై ఫ్రూట్స్, మసాలా దినుసులు అరకిలో, కిలో చొప్పున అమ్ముతారు. పూజా సామగ్రి, బొమ్మలు, రిటర్న్ గిఫ్టులు డజను లెక్కన అడిగితేనే హోల్‌సేల్ రేటు. కొన్ని గోదాముల్లో పెట్టె విప్పరు. నలుగురు కలిసి వెళ్లి పెట్టె పంచుకోవడం ఇక్కడ మామూలే. జీడిపప్పు, బాదం కొనేటప్పుడు పైన పేర్చినవి కాదు, గోనెలో చెయ్యి పెట్టి అడుగు నుంచి తీయించి ఒకటి కొరికి చూడండి. వానాకాలంలో అడుగు సరుకు మెత్తబడి, ముక్క వాసన వస్తుంది. వీధులు ఇరుకు, మధ్యాహ్నం ట్రాలీల రద్దీ, కాబట్టి పొద్దున్నే పని ముగించండి.

స్టీలు గిన్నెలు అయస్కాంతం పెట్టి చూసి కొంటే సరిపోతుందా?

సరిపోదు. అయస్కాంతం అంటుకోనిదల్లా మేలు రకం 304 స్టీలు అనుకోవడం పొరపాటు. నికెల్ తక్కువున్న 200 సిరీస్ స్టీలుకు కూడా చాలావరకు అంటుకోదు. పైగా 304 గిన్నెను వంచిన అంచుల దగ్గర కాస్త అంటుకోవచ్చు. అయస్కాంతం చెప్పేది ఒక్కటే, ఇండక్షన్ పొయ్యి మీద పనిచేస్తుందా లేదా అని. గ్రేడు కావాలంటే గిన్నె అడుగున ముద్ర చూడండి, బిల్లు మీద కూడా రాయించండి. స్టీలు, ఇత్తడి, రాగి ఇక్కడ చాలామట్టుకు కిలో లెక్కన అమ్ముతారు. మూతలు, పిడులు వేరే లోహమైతే వాటిని విడిగా తూయించుకోండి. ఇత్తడి గిన్నెలో పులుసు, చారు కాచాలంటే లోపల కళాయి పోయించుకున్నాకే.

కోఠి అంటారు, సుల్తాన్ బజార్ అంటారు, ట్రూప్ బజార్ అంటారు. అన్నీ ఒకటేనా?

అన్నీ ఆనుకునే ఉంటాయి, సరుకులు వేరు. సుల్తాన్ బజార్, బడీచౌడీ వైపు డ్రెస్ మెటీరియల్, లంగా ఓణీలు, లేసులు, మ్యాచింగ్ జాకెట్ గుడ్డ, రోల్డ్‌గోల్డ్ నగలు. ట్రూప్ బజార్‌లో లైట్లు, వైర్లు, స్విచ్చులు, బాత్‌రూమ్ సామాను. కొత్త ఇల్లు కట్టేవాళ్లు వారానికోసారి వచ్చే చోటు అది. గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్, స్పీకర్లు, విడిభాగాలు. ఆకుపచ్చ లైనులో సుల్తాన్ బజార్ స్టేషన్, ఎరుపు లైనులో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ దిగితే నడిచే దూరం.

మ్యాచింగ్ గుడ్డకు చీర వెంట తెచ్చుకోండి. ఫోన్‌లో ఫొటో చూపించి తీసుకున్న గుడ్డ రంగు ఇంటికొచ్చాక కలవదు.

పాత పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద. షాపులు మూసి ఉంటాయి కాబట్టి వాటి ముందంతా పుస్తకాలు పరుస్తారు. పోటీ పరీక్షల పుస్తకాలు, పాఠ్యపుస్తకాలు కోఠిలో మిగతా రోజుల్లోనూ దొరుకుతాయి. ఎడిషన్ సంవత్సరం చూడకుండా సిలబస్ పుస్తకం కొనొద్దు. మధ్యలో ఫారాలు ఊడిపోయాయేమో పేజీ నంబర్లు చకచకా తిప్పి చూడండి. దగ్గర్లోనే 1935 నాటి మొజంజాహీ మార్కెట్ ఉంది, ఎండ పెరిగాక అక్కడి ఐస్‌క్రీమ్ షాపులు కాపాడతాయి.

నుమాయిష్‌లో కొనడం లాభమేనా?

1938లో మొదలైన ఈ ఎగ్జిబిషన్ మామూలుగా ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి మైదానంలో జరుగుతుంది. కశ్మీరు శాలువాలు, లక్నో చికన్ కుర్తాలు లాంటి బయటి రాష్ట్రాల సరుకుకు వెళ్లొచ్చు. హైదరాబాద్ సరుకు కోసం అక్కడికి వెళ్లడం దండగ. చివరి వారంలో మిగిలిన సరుకు తిరిగి మోసుకెళ్లడం ఇష్టంలేక ధర తగ్గిస్తారు, అన్ని సైజులూ మాత్రం అప్పటికి మిగలవు. గాంధీభవన్ లేదా నాంపల్లి మెట్రో స్టేషన్‌లో దిగండి.

## సికింద్రాబాద్, ఎర్రగడ్డ

చీరలకు జనరల్ బజార్ మంచిదా?

రోజువారీ చీరలు, పెట్టుబడి చీరలు, గుడ్డల తానులకు మంచిదే. పెళ్లిలో బంధువులకు పెట్టేందుకు ఇరవై, ముప్పై చీరలు కావాలంటే పక్కనున్న టొబాకో బజార్ హోల్‌సేల్ షాపుల్లో అడగండి. బంగారం, వెండి షాపులు పాట్ మార్కెట్‌లో ఉంటాయి. కట్ట లెక్కన కొన్న చీరల్లో జాకెట్ ముక్క ఉందా, పొడవు అయిదున్నర మీటర్లు ఉందా అని రెండు మూడు విప్పించి చూడండి. మడతలో పైకి కనిపించేది కొంగు మాత్రమే.

ల్యాప్‌టాప్, ఫోన్ ఎక్కడ?

కంప్యూటర్లు, విడిభాగాలు, రిపేరుకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్). ఫోన్లు, కవర్లు, స్క్రీన్లకు అబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్. బిల్లు లేకుండా తక్కువ ధర చెబితే వారంటీ వదులుకున్నట్టే. రిపేరుకు ఇచ్చేముందు ల్యాప్‌టాప్ లోపలి ర్యామ్, డిస్కు సీరియల్ నంబర్లు ఫొటో తీసుకోండి.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత సామాను కొంటే ఇబ్బంది ఉండదా?

పనిముట్లు, కుర్చీలు, ఇనుప సామానుకు ఇబ్బంది లేదు. పాత ఫోన్ అయితే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే వచ్చే ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబరును టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో సరిచూడండి. బ్లాక్ అయిందని వస్తే అది దొంగ సొత్తు కావచ్చు, తెలిసి కొన్నవాళ్లూ కేసులో ఇరుక్కుంటారు.

## బంగారం, చేనేత

బంగారం నగ మీద ఏం చూడాలి?

మూడు గుర్తులు: బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) త్రికోణం, స్వచ్ఛత అంకె, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు). 22 క్యారెట్లకు 916, 18 క్యారెట్లకు 750. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. 2 గ్రాముల లోపు వాటికి మినహాయింపు ఉంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే నగ రకం, స్వచ్ఛత కనిపిస్తాయి. మీ చేతిలో ఉన్నది గొలుసైతే యాప్‌లో ఉంగరం అని రాకూడదు.

అసలు డబ్బు పోయేది బరువు దగ్గర. ముత్యాలు, రాళ్లు పొదిగిన నగను మొత్తంగా తూచి బంగారం ధర కడితే రాయికి కూడా బంగారం ధర ఇచ్చినట్టు. బిల్లులో మొత్తం బరువు, రాళ్ల బరువు, నికర బంగారం బరువు మూడూ విడివిడిగా ఉండాలి. తరుగు, మజూరీ ఎంత శాతమో ముందే అడగండి. 3 శాతం జీఎస్టీ ఆ మొత్తం మీద పడుతుంది.

పోచంపల్లి, గద్వాల్ చీరలు చేనేతవేనని ఎలా నమ్మాలి?

పోచంపల్లి ఇకత్‌లో నూలుకు ముందే రంగు అద్ది తర్వాత నేస్తారు. కాబట్టి డిజైన్ చీరకు రెండు వైపులా ఒకే రంగులో ఉంటుంది, అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. ప్రింటు అయితే వెనక వెలిసినట్టు కనబడుతుంది, గీతలు మరీ కచ్చితంగా ఉంటాయి. గద్వాల్‌లో నూలు ఒంటికి పట్టు అంచును కలుపుతారు. ఆ అతుకును వెలుతురుకు పట్టి చూసి, రెండు చేతులతో మెల్లగా లాగండి. సందులు కనిపిస్తే రెండు ఉతుకులకే విడిపోతుంది. చేనేత మార్కు, పట్టుకు సిల్క్ మార్క్ లేబుల్ అడగండి. బేరాలకు ఓపిక లేకపోతే తెలంగాణ హస్తకళల సంస్థ వారి గోల్కొండ, ఆంధ్రప్రదేశ్ వారి లేపాక్షి షోరూమ్‌లు ఉన్నాయి. రకాలు తక్కువే, మోసపోయే భయం లేదు.

## మాల్స్

ఏ మాల్‌కు వెళ్లాలి?

ఎక్కువ బ్రాండ్లు ఒకేచోట కావాలంటే కొత్తగూడ దగ్గర శరత్ సిటీ క్యాపిటల్ మాల్. చాలా పెద్దది, కాబట్టి ముందే ఏ అంతస్తో చూసుకోకపోతే కాళ్లు నొప్పి పుడతాయి. దుర్గం చెరువు పక్కన ఇనార్బిట్ 2009 నుంచి ఉంది, పిల్లలతో వెళ్లేవాళ్లకు తిరగడం తేలిక. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1లో జీవీకే వన్ చిన్నది, ప్రశాంతం. కూకట్‌పల్లి వైపు నెక్సస్, లులు ఉన్నాయి. మెట్రో దిగి నేరుగా లోపలికి వెళ్లాలంటే పంజాగుట్ట నెక్స్ట్ గలేరియా. ఫర్నిచర్‌కు రాయదుర్గం మెట్రో దగ్గర ఐకియా, మన దేశంలో వాళ్ల మొదటి స్టోరు, 2018 ఆగస్టులో తెరిచారు. వారాంతాల్లో సాయంత్రం 5 తర్వాత ఎక్కడికీ కారు తీయకపోవడం మేలు.

మాల్‌లో పార్కింగ్ డబ్బులు కట్టాలా?

తెలంగాణ ప్రభుత్వం 2018లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మొదటి 30 నిమిషాలు ఉచితం. గంట లోపు అయితే ఏదైనా కొన్న బిల్లు చూపితే చాలు. గంట దాటితే పార్కింగ్ రుసుము కన్నా ఎక్కువ మొత్తం బిల్లో, సినిమా టికెట్టో చూపించాలి. బిల్లును సంచిలో అడుగున పడేయకుండా చేతికందేలా ఉంచుకోండి. గేటు దగ్గర వెనక హారన్లు మోగుతుంటే వెతకలేక కట్టేసేవాళ్లే ఎక్కువ.

## ఇంటికొచ్చాక

నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా?

మాల్స్‌లో బ్రాండును బట్టి గడువు ఉంటుంది, బిల్లు వెనక రాసి ఉంటుంది. పాత బజార్లలో డబ్బు వెనక్కి రావడం అరుదు, మార్పిడి దొరుకుతుంది. కొనేటప్పుడే ‘సైజు సరిపోకపోతే ఎన్ని రోజుల్లో మారుస్తారు’ అని అడిగి కార్డు మీద రాయించుకోండి. ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ తీసుకున్నా, లోపమున్న వస్తువు ఇచ్చి మొండికేసినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. బిల్లు ఉంటేనే ఫిర్యాదుకు బలం.

లక్క గాజులు, ముత్యాలు పాడవకుండా ఎలా దాచాలి?

లక్కకు వేడే శత్రువు. ఎండలో నిలిపిన కారులో, పొయ్యి గట్టు మీద పెడితే మెత్తబడి రాళ్లు ఊడతాయి, ఆకారం వంకర పోతుంది. వేడినీళ్లు, స్పిరిటు తగలనీయకండి, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ముత్యాలకు చెమట, సెంటు, నిమ్మరసం పడవు. అలంకారమంతా అయ్యాక చివర్లో వేసుకుని, విప్పేటప్పుడు మొదట విప్పండి. మెత్తని గుడ్డతో తుడిచి గుడ్డ సంచిలో పెట్టండి. గాలి ఆడని ప్లాస్టిక్ కవర్లో ఏళ్ల తరబడి ఉంచితే మెరుపు తగ్గుతుంది. తరచూ వేసుకునే దండకు ఏడాదికో రెండేళ్లకో దారం మార్పించండి. ముత్యాల మధ్య సందు కనిపిస్తే దారం సాగినట్టే.

విమానంలో, రైల్లో ఎలా తీసుకెళ్లాలి?

గాజుల పెట్టెను నిలువుగా కాకుండా పడుకోబెట్టి, మధ్యలో చీరలో దుపట్టాలో కుక్కండి. మట్టి గాజులను సుతిలి తాడుతో డజన్ల కట్టలుగా బిగించి కట్టమంటే షాపువాళ్లే కట్టిస్తారు. వదులుగా ఉన్నవే ఒకదానికొకటి తగిలి పగిలేది. అత్తరు సీసా మూతకు టేపు చుట్టి, జిప్ కవర్లో పెట్టండి. అంతర్జాతీయ విమానంలో చేతి సంచిలో ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు. బంగారం, ముత్యాలు బిల్లుతో సహా మీ చేతి సంచిలోనే ఉండాలి, చెక్‌ఇన్ పెట్టెలో వద్దు.